మా బడి గోడ మీద పెద్ద నంబర్లు

మా మునిసిపల్ హైస్కూలు ప్రహరీ గోడ మీద మా స్కూలు పేరు ఉండేది కాదు. ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీ పేరు ఉండేది. పసుపు రంగు పూసి, దాని మీద ఎర్రటి అక్షరాలతో, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎంసెట్‌లో వాళ్లకొచ్చిన ర్యాంకులు రాసి ఉండేవి. అన్నీ ఒక అంకెవి, మహా అయితే రెండంకెలవి. రోజూ వాటి పక్కనుంచి నడుచుకుంటూ మేం గేటులోకి వెళ్లేవాళ్లం. ఎవర్ని అడిగి రాశారో ఎవరికీ తెలీదు. గోడకి సున్నం వేయించమని హెడ్మాస్టరు గారు పై ఆఫీసుకి రాస్తూ ఉండేవారు. సున్నం వచ్చేది కాదు. ఆ కాలేజీ పెయింటరు మాత్రం ప్రతి జూన్‌లోనూ ఠంచనుగా వచ్చేవాడు.

ఇది తొంభైల చివరి సంగతి. అప్పటికే విశాఖపట్నంలో పిల్లలు రెండు రకాలుగా విడిపోయారు. పోర్టులోనూ స్టీల్ ప్లాంటులోనూ ఉద్యోగాలకని గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఎనిమిదో తరగతి నుంచే ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి తయారయ్యేవారు. వాళ్ల కాలేజీ బస్సు తెల్లారకముందే మా పేట ముందు నుంచి లైట్లేసుకుని వెళ్లేది. ఆ వేళకి మా పేటలో లేచి ఉండేది పడవల్లోకి వలలు ఎక్కించే మగవాళ్లూ, హార్బర్‌లో చేపల వేలంపాటకి బయల్దేరే ఆడవాళ్లూ.

మాది సముద్రం ఒడ్డున జాలరి పేట. నాన్న మరబోటు మీద వేటకి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో మాకు తెలిసేది కాదు. అమ్మ హార్బర్ పాటలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, కాలనీల్లో ఇంటింటికీ అమ్మేది. నాకంటే రెండు తరగతులు వెనక నా చెల్లి. మా వైపు అక్కని అప్ప అంటారు. నన్ను అప్పా అని పిలుస్తూనే ప్రతిదానికీ పోట్లాడేది.

పదో తరగతి దాకా ఆ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్ కూడా అక్కడే, అదే ఆవరణలో వెనక రేకుల షెడ్లలో నడిచే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. మాకు లెక్కలు చెప్పినాయన బాగా చెప్పేవారు. ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు మాత్రం తరచూ ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ కాలమంతా నాకు పాఠం చెప్పింది ఊళ్లో ఉన్న గ్రంథాలయం.

ఈ మాట గొప్పకి చెప్పడం లేదు అనాలేమో. గొప్పకే చెబుతున్నాను. మధ్యాహ్నం తరగతులు అవగానే బస్సెక్కి అక్కడికి పోయేదాన్ని. ఫ్యాను కింద బల్లలన్నీ దినపత్రికలు చదివే రిటైరైన పెద్దలవి. నాకు మిగిలింది కిటికీ పక్కన ఎండ పడే బల్ల. అట్ట ఊడిన పుస్తకాలు, మధ్య పేజీలు ఎవరో చింపుకుపోయిన పుస్తకాలు, రష్యా నుంచి తెలుగులోకి వచ్చి పాత కాగితం వాసన వేసే సైన్సు పుస్తకాలు, ఇంగ్లీషులో ఉన్న లావుపాటి ఫిజిక్స్ పుస్తకాలు. ఇంగ్లీషువి చదవడానికి ఒక పక్కన నిఘంటువు తెరిచి పెట్టుకునేదాన్ని. ఒక లెక్క రాకపోతే అడగడానికి ఎవరూ లేరు. ఇంకో పుస్తకం తీయాలి. అందులోనూ రాకపోతే ఇంకోటి. అలా తిరగడంలో ఆ లెక్క వచ్చేది, దాంతోపాటు నేను వెతకని నాలుగు సంగతులు కూడా తెలిసేవి.

అలా వెతుకుతుంటేనే ఒక రోజు గణాంకశాస్త్రం పుస్తకం చేతికొచ్చింది. మా పరీక్షకి దానితో పనిలేదు, ఊరికే చదివాను. భిన్నంలో కింద ఉండే అంకెని, అంటే హారాన్ని దాచేస్తే, పై అంకెతో ఎంత గొప్పయినా చెప్పుకోవచ్చని అందులో ఉదాహరణలతో రాసి ఉంది. సాయంత్రం ఇంటికొస్తూ మా బడి గోడ వైపు చూశాను. ఎన్ని ర్యాంకులొచ్చాయో ఉంది. ఎంతమంది రాస్తే వచ్చాయో ఎక్కడా లేదు. ఆ గోడని అంతకుముందు ఎన్నేళ్లు చూశానో, చదవడం మాత్రం ఆ సాయంత్రమే.

ఎంసెట్ ఫలితాలొచ్చాయి. నాకు మూడంకెల ర్యాంకు వచ్చింది. మా ఆవరణలో చదివిన ఎవరికీ అంతకుముందు అలాంటిది రాలేదు. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో నచ్చిన బ్రాంచి అడిగి తీసుకోవచ్చని లెక్కల మాస్టారు అన్నారు. అమ్మ చేపలమ్మే కాలనీలో ఒక మేడమ్ గారు నమ్మలేదట. ఎక్కడో కోచింగ్ తీసుకునే ఉంటుంది, నీకు చెప్పి ఉండదు అన్నారట. ఆవిడ కొడుక్కి ఆ ప్రైవేటు కాలేజీలో రెండేళ్లు చదివి కూడా నా కంటే చాలా వెనక ర్యాంకు వచ్చింది.

రెండ్రోజుల తర్వాత నేను లైబ్రరీలో ఉండగా టైలు కట్టుకున్న ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మిఠాయి పెట్టె ఇచ్చి, పిల్ల బంగారమని అమ్మని మెచ్చుకుని, పేపర్లో వేస్తాం ఒక ఫొటో ఇవ్వమన్నారు. మా పేటలో శుభానికి వచ్చినవాళ్లని అనుమానించడం ఎవరికీ అలవాటు లేదు. ఎంసెట్ దరఖాస్తుకి తీయించిన ఫొటోల్లో మిగిలినదాన్ని అమ్మ ఇచ్చేసింది. అంతటితో ఊరుకోలేదు. వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపడం ఆమె వల్ల కాదు. పొద్దున పాటలో వచ్చిన చందువా చేపల్లో మంచివి రెండేరి, కాగితంలో చుట్టి ఇచ్చింది. వాళ్లు టైలతో, చేపలతో జీపెక్కి వెళ్లారు.

మర్నాడు పేపర్లో నా ఫొటో వచ్చింది. సగం పేజీ ప్రకటన. మూడో వరసలో నేను, నా కింద నా హాల్‌టికెట్ నంబరు. అమ్మకి చదవడం రాదు. ఆ పేపరు పట్టుకుని పేటంతా తిరిగి చూపించి వచ్చింది. చెల్లి దాన్ని లాక్కుని పైనున్న పెద్ద అక్షరాలు చదివింది. చదివి, నా మొహం చూసి, అమ్మతో నెమ్మదిగా చెప్పింది.

"అప్ప ఆల్ల కాలేజీలో సదివిందని రాసీసినారే అమ్మా."

"ఎవుల కాలేజీలో?"

"మొన్న మిఠాయి ఎట్టుకొచ్చినోలది."

అమ్మ ఆ పేపరు మడిచి చూరులో పెట్టింది. తినగా మిగిలిన మిఠాయి పెట్టె తీసి గంపలో వేసుకుంది. రేపు ఇచ్చీసి వద్దాం, నువ్వూ రా అంది.

అలా నేనూ అమ్మా ఆ కాలేజీకి వెళ్లాం. లోపల అద్దాల గది, చల్లగా ఏసీ. డీన్ అని బల్ల మీద రాసి ఉన్నాయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. కృష్ణా జిల్లా వైపు మాట, నెమ్మదస్తుడు. అమ్మ మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టింది. నేను మీ దగ్గర చదవలేదు కదా అన్నాను. ఆయనేమీ తడబడలేదు. వేసవిలో ఒక ఆదివారం ఊళ్లో పిల్లలందరికీ వాళ్లు ఉచితంగా పెట్టిన మోడల్ టెస్టు నేను రాశానని గుర్తుచేశారు. నిజమే, రాశాను. ఆ రోజు రాసిన ప్రతివాళ్ల నంబరూ వాళ్ల విద్యార్థుల జాబితాలో ఎక్కిందట. ఒక పూట వాళ్ల బెంచీ మీద కూర్చున్నందుకు నా రెండేళ్లూ వాళ్లవైపోయాయి.

తర్వాత ఆయన అసలు మాట చెప్పారు.

"చూడమ్మా, మీ చెల్లాయి టెన్త్ మంచి మార్కులతో పాసైందట గదా. మా గర్ల్స్ క్యాంపస్‌లో సీటు, హాస్టలు, పుస్తకాలు అన్నీ మేమే చూసుకుంటాం. రెండేళ్లూ మీరు పైసా కట్టక్కర్లేదు. ఎవరన్నా అడిగితే మా దగ్గరే చదివానని చెప్పు, అంతే."

నేను వేరే ప్రశ్న అడిగాను. మీ ప్రకటనలో ఇన్ని ఫొటోలు ఉన్నాయి కదా, మీ దగ్గర పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎంతమంది అని. ఆయనకి నవ్వొచ్చింది.

"అది ఎవరడుగుతారమ్మా?" అన్నారు.

ఎగతాళిగా అనలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి అన్నారు. చెల్లిని కనుక్కుని వారంలోపల చెప్పమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా ఆలోచనంతా దాని మీదే. కోపం నాది, కానీ సీటు చెల్లిది. ఆ కాలేజీలో ఏమీ చెప్పరని నేను అనను. ఒక్కో రకం లెక్కని చెయ్యి నొప్పెట్టేదాకా చేయిస్తారు. గంటకొట్టినట్టు పరీక్షలు పెడతారు. నాలాగా ఒక లెక్క కోసం నాలుగు పుస్తకాలు తిరిగే ఓపిక చెల్లికి లేదు. ఎవరైనా పక్కన కూర్చుని చేయిస్తే నా కంటే వేగంగా చేస్తుంది. అక్కడికి వెళ్తే దానికి మంచి ర్యాంకు వస్తుందని నాకు తెలుసు. వెళ్లకపోతే రాకపోవచ్చనీ తెలుసు. అందుకే ఇంటికి రాగానే చెల్లికి అంతా చెప్పి, నువ్వు వెళ్లు, నా ఫొటో ఎక్కడుంటే నాకేం అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు.

"మన వలకి ఆడు గుర్తెట్టుకుంటానంటే ఊరుకుంటామేటి?"

ఈ గుర్తు సంగతి చెప్పాలి. మా పేటలో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. వల నీళ్లలో తేలడానికి కట్టే బెండ్ల మీద కత్తితో ఆ గుర్తు గాట్లు పెడతారు. మాది రెండు ఏటవాలు గీతలు, పక్కన ఒక చుక్క. గాలివానకి వల తెగి కొట్టుకుపోతే, ఎవరికి దొరికినా, వాళ్లు ఏ పేట వాళ్లయినా, గుర్తు చూసి ఆ ఇంటికి చేర్చాలి. అందులో పడిన చేపలు దొరికినవాళ్లవి, వల మాత్రం గుర్తు ఉన్నవాళ్లది. నా చిన్నప్పుడు ఒకాయన దొరికిన వల మీద గాట్లు చెక్కేసి తన గుర్తు పెట్టుకున్నాడు. పెద్దలు వేసిన తప్పు, అంటే జరిమానా, కట్టాడు. అయినా ఆ తర్వాత ఆయనతో ఒకే పడవ ఎక్కడానికి ఎవరూ రాలేదు, ఆయన వేరే ఊరు పోయాడు. దొంగతనం అంటే మా వాళ్లు ఒక్కోసారి క్షమిస్తారు. గుర్తు చెరిపితే క్షమించరు.

నేను అమ్మతో వాదించాను. వల వేరు, చదువు వేరు, చెల్లి బతుకు ముడిపడి ఉందని అన్నాను. చెల్లి మా ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"నా మాట ఎవులూ అడగరేటి?" అంది. "నాను ఆ బస్సెక్కితే నీ ర్యాంకూ ఆల్లదే, రేపు నాకొచ్చిందీ ఆల్లదే. మరింక మన బడికి మిగిలిందేటి? నానెల్లను. నీ పుస్తకాలు నాకొగ్గీ, సాలు."

నేను మళ్లీ వెళ్లమన్నాను. నన్ను పంపీసి మంచమంతా నువ్వే పడుకుందామనా అంది. ఇక ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పేపరు ఆఫీసుకి వెళ్లాను. అది వార్త కాదు, డబ్బులిచ్చి వేయించుకున్న ప్రకటన, కాదనాలంటే మీరూ ఒక ప్రకటన వేయించుకోవాలి అన్నారు. బయటికొచ్చి నిలబడితే నాకు గుర్తొచ్చింది గోడ. అది మాది. మా బడిది.

మా పేటలో పడవల మీద పేర్లు రాసే మావ ఒకాయన ఉన్నాడు. అమ్మకి తమ్ముడి వరస. రంగులు నావి, గోడ ఎవరిదో నువ్వు తేల్చుకో అన్నాడు. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ప్రభుత్వ గోడ మీద ఏం రాయాలన్నా పైనుంచి అనుమతి కావాలన్నారు.

"వాళ్లకి ఎవరిచ్చారు సార్?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. భయస్తుడు, కానీ చెడ్డవాడు కాదు. రేపు ఆదివారం తను ఊళ్లో ఉండననీ, సింహాచలం కొండకి వెళ్తున్నాననీ, ఏం జరిగినా తనకి తెలీదనీ చెప్పారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు.

"తెలుగు మీడియం అన్నది కాస్త పెద్ద అక్షరాలతో రాయించమ్మా," అన్నారు.

ఆదివారం పొద్దున్నే మావ నిచ్చెనతో వచ్చాడు. పడవలకి వాడగా మిగిలిన నీలం రంగుతో ఆ పసుపుని పూర్తిగా కప్పేశాడు. చెల్లి బకెట్టు మోసింది. నేను కాగితం మీద రాసిచ్చిన మాటల్ని తెల్ల రంగుతో దించాడు. మునిసిపల్ హైస్కూలు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ. తెలుగు మీడియం. దాని కింద నా ర్యాంకు. కోచింగ్ లేదు, చదివింది ఇక్కడా, గ్రంథాలయంలోనూ. అంతా అయ్యాక నేను చెప్పకుండానే చివర్న రెండు ఏటవాలు గీతలు గీసి పక్కన చుక్క పెట్టాడు.

మర్నాడు ఆ కాలేజీ మనుషులు పసుపు డబ్బాలతో వచ్చారు. వాళ్లొస్తారని అమ్మకి తెలుసు. కాలనీలకి పోకుండా ఆ రోజు పేట ఆడవాళ్లంతా గోడ పొడుగునా గంపలు దించి చేపలమ్ముతున్నారు. నిచ్చెన వేయడానికి జాగా లేదు. వచ్చినవాళ్లలో పెద్దాయన గదమాయించాడు. అమ్మ చేప తోముతూనే తలెత్తకుండా జవాబు చెప్పింది.

"ఏసుకో బాబూ, నిచ్చెన. సేపల మీద రంగు పడిందంటే మాత్తరం గంపలన్నీ నువ్వే కొనుక్కెల్లాల."

పక్కన కూర్చున్నామె ఎండుచేపలు కూడా లెక్కలోకేనని గుర్తుచేసింది. వాళ్లు డీన్ గారితో మాట్లాడి వస్తామని వెళ్లారు. మళ్లీ రాలేదు. మా గోడ లేకపోతే వాళ్లకి ఊళ్లో గోడలే లేవా. చెల్లి ఆ నెలలోనే వెనక రేకుల షెడ్లలో ఇంటర్‌లో చేరింది.

నేను యూనివర్సిటీలో చేరాను. మా క్లాసులో ఎక్కువమంది ఆ ప్రైవేటు కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. మొదటి రోజుల్లో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, ఏ కాలేజీ అని. నేను మునిసిపల్ అంటే కొంతమంది అదేదో కొత్త కోచింగ్ సెంటరనుకున్నారు. వాళ్లలో నిజంగా తెలివైనవాళ్లు ఉన్నారు, నా కంటే ఎంతో వేగం ఉన్నవాళ్లు ఉన్నారు. కానీ మొదటి సెమిస్టరులో నోట్సు ఇవ్వని ప్రొఫెసరు ఒకాయన వస్తే, క్లాసంతా బిక్కచచ్చిపోయింది. నాకు మాత్రం అది ఇంటర్ రెండేళ్ల లాగే అనిపించింది. లేచి లైబ్రరీకి వెళ్లాను. తర్వాత కొందరు నా వెనక వచ్చారు. కాటలాగు ఎలా వెతకాలో వాళ్లకి నేను చూపించాను.

రెండేళ్లకి చెల్లి ఎంసెట్ రాసింది. అయిదంకెల ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీ కాలేజీ కాదు కదా, దరిదాపుల్లో ఏ మంచి కాలేజీలోనూ సీటు రాదు. ఆ ఏడు ఫిజిక్స్ పోస్టు మళ్లీ ఖాళీగానే ఉండిపోయింది. నేను శని, ఆదివారాలు చెప్పినంత చెప్పాను, చాల్లేదు. ఆ సీటు వదులుకున్నారు చూడు అని కాలనీలో మేడమ్ గారు అమ్మతో అన్నారట. అమ్మ ఆ ఇంటికి చేపలు ఇవ్వడం మానేసింది. నాకు మాత్రం ఆ మాట చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు.

జూన్‌లో గోడ మీద రంగు వెలిసిందని మావ మళ్లీ వేస్తానన్నాడు. నా పాత ర్యాంకునే కొత్తగా దిద్దుదామని ఆయన ఉద్దేశం. చెల్లి అడ్డొచ్చింది. తన నంబరు కూడా రాయాలంది. అది వద్దులే అని నేనన్నాను. నలుగురూ చూసి నవ్వుతారని నా బాధ.

"నవ్వనీ. పరీక్ష నాను రాయనేదేటి? నువ్వే కదా అప్పా, కింద అంకె దాసీకూడదన్నావు?" అంది.

తన ఒక్కదానిదే కాదు, ఆ ఏడు మా షెడ్ల నుంచి పరీక్ష రాసిన అందరివీ రాయాలని పట్టుబట్టింది. ర్యాంకు రానివాళ్లని కూడా. ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది, ఎవరికి ఎంత. ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించి వచ్చింది. పేర్లు వద్దు, నంబర్లు చాలన్నారు కొందరు. హెడ్మాస్టరు గారు ఈసారి కొండకి వెళ్లలేదు. కుర్చీ వేయించుకుని గోడ ముందే కూర్చున్నారు. ఇంత పొడుగు నంబరు ఏ పడవ మీదా రాయలేదని మావ గొణుగుతూనే ఒక్కొక్కటీ రాశాడు. అయిదంకెలవి, ఆరంకెలవి, కొన్నిచోట్ల ఒట్టి గీత. నా మూడంకెల ర్యాంకు వాటి మధ్య చిన్నదిగా ఉంది.

చివరి వరస రాస్తుండగా ఆ ప్రైవేటు కాలేజీ బస్సు వచ్చి, ముందు లారీ ఏదో అడ్డుపడి గోడ పక్కనే ఆగింది. అందులో ఉన్నది లాంగ్ టర్మ్ పిల్లలు. అంటే, అక్కడే రెండేళ్లు చదివి, ర్యాంకు రాక, మళ్లీ ఏడాది అక్కడే కట్టి చదువుతున్నవాళ్లు. ఏ ప్రకటనలోనూ వాళ్ల ఫొటోలు ఉండవు. కిటికీల దగ్గరికి చేరి మా నంబర్లని ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టారు. మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. నంబర్లు మాత్రం చదువుతూనే ఉన్నారు. ఒకమ్మాయి తల బయటికి పెట్టి చెల్లిని అడిగింది.

"మావి కూడా రాస్తారా అక్కా?"

చెల్లి చేతిలో బకెట్టు కింద పెట్టింది. గోడ చివర దాకా చూసింది. ఇంకా నీలం మిగిలి ఉంది.

"జాగా ఉన్నాది. దిగొచ్చి సెప్పు," అంది.

లారీ కదిలింది, బస్సు కదిలింది. ఆ అమ్మాయి దిగలేదు. కానీ వెళ్తూ వెళ్తూ తన నంబరు గట్టిగా అరిచి చెప్పింది. మావ చెల్లి వైపు చూశాడు. చెల్లి రాయమంది.